వద్దన్నదీ వాళ్లే, కనమంటున్నదీ వాళ్లే

మా అమ్మకి పదకొండు కాన్పులు. ఏడుగురం మిగిలాం. ఆఖరి కాన్పు నాటికి మా పెద్దక్క కూడా నిండు చూలాలు. తల్లీ కూతురూ ఒకే ఇంట్లో నెల తేడాలో పురుళ్లు పోసుకున్నారు. ఊళ్లో వాళ్లు నవ్వుకున్నారు. అమ్మ నవ్వలేదు, ఏడవలేదు. నలభై ఏళ్లకే నడుం వంగిపోయిన ఆ మనిషి "ఇంక చాలు" అనుకున్నా, ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో ఆమెకి తెలియదు. నాన్నతో అనే మాట కాదు. అత్తగారితో అంటే తప్పు. దేవుడితో చెప్పుకుందేమో, ఆయన విన్నట్టు లేదు.

అందుకే కుటుంబ నియంత్రణ వల్ల ఆడవాళ్లకి ఒరిగిందేమిటని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు కోపం వస్తుంది. నేను రెండు కాన్పులతో ఆపుకున్నాను. మా అమ్మ జీవితాంతం చూడని తీరిక నేను ముప్పై ఏళ్లకే చూశాను. ఎప్పుడో ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టి పదో తరగతి పరీక్ష కట్టాను. మహిళా సంఘంలోకి వచ్చాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. ఇవన్నీ ఆ ఆపరేషన్ వల్ల దొరికినవే. చేయించుకున్నందుకు నేను ఏనాడూ విచారించలేదు. దాన్ని చేసిన తీరుకి మాత్రం ముప్పై ఏళ్లు దాటినా కడుపు మండుతూనే వుంది.

ఈ రెండు మాటలూ ఒకే నోటితో అంటే చాలామందికి నచ్చదు. మంచిదంటే మంచిదను, చెడ్డదంటే చెడ్డదను అంటారు. కత్తి మంచిదా చెడ్డదా అని అడిగితే ఏం చెబుతాం? అది ఎవరి చేతిలో వుంది, ఎవరి మీద ఎత్తారు అని అడగాలి. కుటుంబ నియంత్రణ గురించీ నేను అడుగుతున్నది అదే.

1992 మార్చి. నెలతో సహా ఎందుకు గుర్తుందంటే అది టార్గెట్ల నెల. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ఒక్కో నర్సమ్మా ఇన్ని "కేసులు" తెచ్చి తీరాలి. మా ఊరి నర్సమ్మ నాలుగుసార్లు మా గుమ్మం ఎక్కింది. "ఇద్దరయ్యారు కదమ్మా, ఇంకెందుకు? నాకింకా రెండు కేసులు తక్కువున్నాయి. ఇంక్రిమెంటు ఆపేస్తామంటున్నారు" అంది. పాపం, అబద్ధం చెప్పలేదు. ఆమెని నేను ఈనాటికీ తిట్టుకోను. జిల్లా అధికారిని రాజధాని తరిమింది, డాక్టరుని జిల్లా అధికారి తరిమాడు, ఆమెని డాక్టరు తరిమాడు. ఆఖర్న ఆమె తరమగలిగింది నన్నే.

మా ఆయన చేయించుకుంటే ఏమని నేనడిగాను. మా అత్తయ్య చేతిలో చెంబు కింద పెట్టేసింది. "వాడు బరువులెత్తేవాడు. వాడికి కోతేమిటే?" అంది. అప్పటికి నేను చేలో కలుపు తీస్తున్నాను, బావి నుంచి నీళ్లు మోస్తున్నాను, చంకలో ఏడాది పిల్లాడు. నేనెత్తేవి బరువుల లెక్కలోకి రావు కాబోలు. మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. అలా మాట్లాడకపోవటంతోనే నిర్ణయం అయిపోయింది.

మండల కేంద్రంలో ఒక స్కూల్లో శిబిరం. తెల్లవారేసరికి పరగడుపున రమ్మన్నారు. మధ్యాహ్నం రెండు దాటాక డాక్టరు జీపు వచ్చింది. ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. చదవబోతే "టైం లేదమ్మా" అన్నారు. నా చుట్టూ వున్నవాళ్లందరి చేతా వేలిముద్రలు వేయించారు. చేతికో నంబరు చీటీ. నాది 41. ఆ రోజంతా నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు. బల్ల మీద తల కిందికి, కాళ్లు పైకి వచ్చేలా వంచారు. కడుపులోకి గాలి ఎక్కించారు. పని పది నిమిషాల్లో అయిపోయింది. తర్వాత తరగతి గదిలో నేల మీద జంబుఖానా పరిచి అందర్నీ వరసగా పడుకోబెట్టారు. సాయంత్రమయ్యేసరికి భుజాల్లో ఒకటే పోట్లు. పొట్ట కోస్తే భుజం నొప్పేమిటని అడగటానికి అక్కడెవరూ లేరు. ఎక్కించిన గాలి వల్ల అలా నొప్పి వస్తుందని, రెండు మూడు రోజుల్లో పోతుందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ ఒక్క ముక్క ఆనాడు ఎవరైనా చెప్పి వుంటే, చచ్చిపోతానేమో, పిల్లలేమవుతారో అని ఆ రాత్రంతా ఏడ్చేదాన్ని కాదు.

నిరోధ్ గురించి గాని, కాపర్-టి గురించి గాని, మాత్రల గురించి గాని నాకు ఒక్కరూ చెప్పలేదు. మగవాళ్ల ఆపరేషన్ మనదానికంటే తేలికని, పొట్ట తెరవనక్కర్లేదని, తర్వాత ఎప్పటిలాగే పని చేసుకోవచ్చని మా ఆయనకీ ఎవరూ చెప్పలేదు. నర్సమ్మ అడిగిందీ, అత్తయ్య ఒప్పుకున్నదీ, డాక్టరు చేసిందీ అంతా నా గురించే. అందులో నా మాట మాత్రం ఎక్కడా లేదు.

ఇది నా ఒక్కదాని గోడే అయితే పత్రికకెక్కించేదాన్ని కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు వివాహితల్లో 69.6 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 37.9 శాతం. తెలంగాణలోనూ నూటికి అరవై దాటింది. మరి ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్ల ఆపరేషన్ ఎంత? 0.4 శాతం. మాత్రలు, కాపర్-టి, నిరోధ్ అన్నీ కలిపి లెక్కేసినా నూటికి ఇద్దరు తేలరు. డెబ్బై ఏళ్ల కార్యక్రమం మన ఆడవాళ్ల ముందు పెట్టింది ఒకే ఒక్క పద్ధతి. ఒకే కూర వండి, అందరి విస్తళ్లలో అదే వడ్డించి, చూశారా అందరూ ఇదే ఇష్టపడి తిన్నారని చెప్పుకున్నట్టుంది.

అదే సర్వేలో ఇంకో రెండు సంఖ్యలున్నాయి. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. వీటిని పక్కపక్కన పెట్టి చూడండి. పదిహేడో ఏట పెళ్లి, పద్దెనిమిదికి ఒక కాన్పు, ఇరవైకి రెండో కాన్పు, ఇరవై రెండు రాగానే ఆపరేషన్. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఒంట్లో రక్తం పట్టే వ్యవధి లేదు. ఎడం పాటించే పద్ధతి ఒకటుందని ఆ పిల్లకి తెలియదు. ప్రభుత్వం లెక్కలో మాత్రం ఆమె విజయం కిందే జమ. చిన్న వయసు పెళ్లి ఆపలేని వ్యవస్థ, రక్తహీనత తగ్గించలేని వ్యవస్థ, ఇద్దరు పుట్టగానే ఆపరేషన్ బల్ల ఎక్కించటంలో మాత్రం ఎంత చురుగ్గా వుందో!

మా వీధిలో ఒకావిడ, నాకు వదిన వరస. ఒక కొడుకు, ఒక కూతురు. ఇరవై ఒకటో ఏట ఆపరేషన్ చేయించారు. కొడుకు ఆరో ఏట చెరువులో పడి పోయాడు. ఏడాది తిరక్కుండానే మొగుడు వంశం నిలబడాలంటూ ఇంకో పెళ్లి చేసుకున్నాడు. చేయించుకోమని వెంటపడిన అత్తమామలే "ఇంక ఇది కనేదా పెట్టేదా" అన్నారు. గొట్టాలు మళ్లీ కలిపే ఆపరేషన్ ఒకటుందని, అది అందరికీ ఫలించదని కూడా ఆమెకి అంతవరకూ తెలియదు. మొగుడు చేయించుకుని వుంటే ఈ రెండో పెళ్లి మాట వచ్చేదా? అందుకే కాబోలు, మగవాడి ఒంటిని రేపటి అవసరానికి దాచిపెట్టి, ఆడదాని ఒంటిని ముందే ముగించేస్తారు.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. ఎప్పుడు, ఎంతమందిని కనాలన్నది స్త్రీ చేతిలో వుండాలనే మాట ప్రభుత్వం పుట్టించింది కాదు. మన దేశం 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని చేపట్టింది. ప్రపంచంలో ఒక ప్రభుత్వం అలా పూనుకోవటం అదే మొదలు. అంతకు ఇరవై ఏళ్ల ముందే తమిళనాట పెరియార్ గర్భ నిరోధం కావలసింది దేశ సంపద కోసం కాదు, ఆడవాళ్ల స్వేచ్ఛ కోసం అని వాదించారు. 1938లో బొంబాయి శాసనసభలో అంబేద్కర్ పార్టీ సంతాన నిరోధం మీద తీర్మానం తెచ్చింది. అది వీగిపోయింది. అంటే మొదట ఇది మన కోరిక. తర్వాతే ఇది వాళ్ల టార్గెట్ అయింది.

అత్యవసర పరిస్థితి రోజులు గుర్తున్నాయా? 1976-77 ఒక్క సంవత్సరంలో దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో సుమారు 62 లక్షలు మగవాళ్లకి. బలవంతంగా లాక్కెళ్లి చేశారు, అది ముమ్మాటికీ అన్యాయం. ఉత్తరాదిన జనం ఓట్లతో బుద్ధి చెప్పారు. ప్రభుత్వం కూలింది. దీన్నుంచి పాలకులు నేర్చుకున్నదేమిటి? బలవంతం తప్పని నేర్చుకోలేదు. మగవాళ్ల జోలికి పోకూడదని నేర్చుకున్నారు. "నియంత్రణ" పోయి "సంక్షేమం" అని పేరు మారింది, బల్ల మీద పడుకునే మనిషి మారింది. 1983లో ఐక్యరాజ్యసమితి తన మొట్టమొదటి జనాభా అవార్డుని ఇందిరాగాంధీకి, చైనాలో ఆ శాఖ చూసిన మంత్రికి కలిపి ఇచ్చింది. మగవాళ్లని బలవంతపెడితే పదవి పోయింది. ఆడవాళ్లని వరసల్లో పడుకోబెడితే ఏ ప్రభుత్వమూ కూలలేదు.

మన దగ్గర ప్రయోగాలూ జరిగాయి. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భ నిరోధక ఇంజక్షన్ ఇచ్చారు. అది ప్రయోగ దశలో వున్న మందని ఆ పేద స్త్రీలకి సరిగ్గా చెప్పలేదు. హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన దాన్ని బయటపెట్టింది. 1986లో ఢిల్లీకి చెందిన సహేలీ మొదలైన సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లింది. పద్నాలుగేళ్లు నడిచిన ఆ కేసులో చివరికి 2000లో, దాన్ని జాతీయ కార్యక్రమంలో మూకుమ్మడిగా వాడటం తగదని ప్రభుత్వమే ఒప్పుకోవలసి వచ్చింది. ఆనాడు ఆ సోదరీమణులు అడిగింది ఇంజక్షన్ అసలే వద్దని మాత్రమే కాదు. ఎక్కించే ముందు ఏమిటో చెప్పండి, తర్వాత ఏమయిందో చూడండి అని. 2017లో "అంతర" పేరుతో మరో ఇంజక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లోకి వచ్చింది. నెలసరి తప్పవచ్చనీ, ఎక్కువ కావచ్చనీ ముందే చెప్పి, మూడు నెలల తర్వాత మళ్లీ పలకరించే మనిషి వుంటే అదీ ఒక దారే. ఆ మనిషి లేకపోతే పాత కథే.

ఇవన్నీ పాత రోజుల సంగతులని కొందరంటారు. 1996లో టార్గెట్లు ఎత్తేశారు కదా అంటారు. కాగితం మీద ఎత్తేశారు, "అంచనా స్థాయి" అని కొత్త పేరుతో దింపారు. 2012 జనవరిలో బీహార్‌లోని అరారియా జిల్లాలో ఒక స్కూల్లో టార్చిలైటు వెలుగులో రెండు గంటల్లో 53 మందికి ఆపరేషన్లు చేశారు. 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర ఒకే డాక్టరు కొన్ని గంటల్లో 83 మందికి చేశాడు. ఆ రోజుల్లో అక్కడ జరిగిన శిబిరాల్లో చేయించుకున్నవాళ్లలో పదముగ్గురు తల్లులు చనిపోయారు. అరారియా విషయంలో దేవికా బిశ్వాస్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో తీర్పు చెబుతూ, మూడేళ్లలోగా ఈ శిబిరాల పద్ధతి మానెయ్యమంది. మూడేళ్లు గడిచాయి. 2022 ఆగస్టు 25న మన ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేశారు. నలుగురు చనిపోయారు. ఒక బృందం రోజుకి ముప్పై దాటకూడదని ప్రభుత్వ ప్రమాణాలే చెబుతున్నాయి. జబ్బు చేసి ఆసుపత్రికి వెళ్లినవాళ్లు కారు వాళ్లు. ఆరోగ్యంగా వెళ్లినవాళ్లు, ఇంటి దగ్గర చంటిపిల్లల్ని వదిలి వెళ్లినవాళ్లు.

ఇక చట్టం సంగతి. 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీల్లో మూడో వంతు సీట్లు మనకి వచ్చాయి. ఆ వెంటనే 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పోటీకి అనర్హులన్నారు. 1995 నుంచి అమలు చేశారు. ఎందరిని కనాలో తేల్చుకునే హక్కు లేని మనిషికి, ఎక్కువ కన్నందుకు శిక్ష! 2003లో సుప్రీంకోర్టు కూడా హర్యానా కేసులో ఇలాంటి నిబంధన సరైనదేనంది. నిర్మలా బుచ్ మన రాష్ట్రంతో సహా అయిదు రాష్ట్రాల్లో చేసిన అధ్యయనంలో ఏం తేలింది? పదవి కోసం భార్యల్ని వదిలేసినవాళ్లున్నారు, బిడ్డల్ని ఇతరులకి ఇచ్చేసినవాళ్లున్నారు, గర్భస్రావాలు చేయించినవాళ్లున్నారు. ఆ ఇద్దరిలో ఒకడు కొడుకై తీరాలనే ఇళ్లలో ఆ చట్టం ఎవరి పీక మీదికి వచ్చిందో వేరే చెప్పాలా?

ఇప్పుడు గాలి మళ్లింది. మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7కి దిగారు. ముసలివాళ్లు పెరుగుతున్నారట, పనిచేసేవాళ్లు తగ్గుతారట, పార్లమెంటు సీట్లు పోతాయట. 1997లో రాష్ట్ర జనాభా విధానం ప్రకటించి జనాభా తగ్గించాలన్నది చంద్రబాబు నాయుడు ప్రభుత్వమే. 2024 అక్టోబరులో ఎక్కువమందిని కనమన్నదీ ఆయనే. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లే స్థానిక ఎన్నికల్లో నిలబడేలా చట్టం తెచ్చే ఆలోచన వుందని కూడా అన్నారు. ఆ నవంబరులో శాసనసభ పాత నిషేధాన్ని తీసేసింది. తీసెయ్యటం మంచిదే, ముప్పై ఏళ్లు ఆలస్యంగానైనా. కాని ఆ మాట వెనక ఆడదాని హక్కు లేదు, తలల లెక్క వుంది. 2025 మార్చిలో ఒక పార్లమెంటు సభ్యుడు మూడో బిడ్డ ఆడపిల్లయితే యాభై వేలు, మగపిల్లాడైతే ఆవు అని ప్రకటించాడు. ఆనాడు కడుపుకి కుట్లు వేయటానికి లెక్క, ఈనాడు కడుపు పండటానికి బేరం.

మా అమ్మాయి ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇద్దరు పిల్లలు. టీవీలో ఆ వార్త విని నా వంక చూసి నవ్వింది. "అమ్మా, నిన్ను వద్దని జీపులో ఎక్కించుకుపోయారు. నన్ను కనమని ఆవుని తోలుకొస్తారా?" అంది. దాని రెండో కాన్పుకి సెలవు అడిగితే పని మానెయ్యమన్నారు. బిడ్డని వదిలిపెట్టటానికి శిశు కేంద్రం లేదు. ఒక్కో పిల్లకి కాన్వెంటు ఫీజు కట్టేసరికి మొగుడూ పెళ్లాల జీతాల్లో సగం పోతోంది. మూడో బిడ్డని పెంచేదెవరో, నిద్ర మానుకునేదెవరో, ఉద్యోగం వదులుకునేదెవరో ఆ ఉపన్యాసాల్లో ఒక్క ముక్క వుండదు.

మిత్రులారా, ఇద్దరు చాలన్న నినాదం, ముగ్గురు కావాలన్న నినాదం ఒకదానికొకటి వ్యతిరేకం కావు. రెండింటిలోనూ మాట్లాడేది వాళ్లే, మోసేది మనమే. అంచేత నేను ఒకటి చాలని గాని, మూడు కావాలని గాని చెప్పబోవటం లేదు. ఆ సంఖ్య ఎవరి కడుపుకి వాళ్లే చెప్పుకోవాలి. సంఘంగా మనం అడగవలసినవి వేరే వున్నాయి.

కాన్పుల లెక్కని బట్టి బహుమానాలూ వద్దు, శిక్షలూ వద్దు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అన్ని పద్ధతులూ, వాటి మంచీ చెడూ మన భాషలో చెప్పాలి. సమ్మతి కాగితం చదివి వినిపించాకే సంతకం అడగాలి. శిబిరాలు మానెయ్యాలని చెప్పిన తీర్పుని అమలు చెయ్యాలి. నర్సమ్మని, ఆశా కార్యకర్తని కేసుల లెక్కతో వేధించటం ఆపాలి. కాన్పు సెలవు, శిశు కేంద్రం ప్రైవేటు కొలువులో వున్న ఆడదానికి కూడా అందాలి. అన్నిటికంటే ముందు, మగవాళ్ల ఆపరేషన్ గురించి మగవాళ్లతో మాట్లాడాలి. మన సంఘాల్లో మనం కూడా ఆ మాట ఎత్తటానికి సిగ్గుపడుతున్నాం. అది మన తప్పు కూడా.

ఇంకో మాట మన చెల్లెళ్లందరికీ చేరవెయ్యండి. పిల్లల ఆపరేషన్‌కి మొగుడి సంతకం అక్కర్లేదని ప్రభుత్వ ప్రమాణాలే చెబుతున్నాయి. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ గర్భస్రావానికి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. పెళ్లి కాని స్త్రీలకీ ఆ చట్టం ఒకేలా వర్తిస్తుందని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. "మీ ఆయన్ని తీసుకురా" అని వెనక్కి పంపేవాళ్లకి ఈ సంగతి గట్టిగా చెప్పండి.

మా అమ్మకి వద్దని చెప్పే వీలు లేదు. నాకు వీలు దొరికింది, కాని అది నా చేతికి రాలేదు, నర్సమ్మ జాబితాలో 41వ నంబరుగా వచ్చింది. మా అమ్మాయికైనా ఆ నిర్ణయం తన పేరుతో దక్కాలి. ఇక ముందు మన గుమ్మంలోకి ఎవరు ఏ సంఖ్యతో వచ్చినా, జీపు తెచ్చినా ఆవుని తెచ్చినా, ముందు అడగవలసింది నన్నేనని చెప్పి పంపిద్దాం.